బడిలో బిడ్డకు ఆపద వస్తే: మొదటి పది నిమిషాల కోసం జూన్‌లోనే చేయాల్సిన పని

ఆదోని చుట్టుపక్కల పల్లెలోనో, రాయదుర్గం వైపు మారుమూల బడిలోనో ఒక పిల్లోడు ఫిట్స్ వచ్చి పడిపోయాడనుకోండి. 108 బండి వచ్చేదాకా వాడి ప్రాణం టీచర్ల చేతుల్లోనే ఉంటుంది. ఆ క్షణంలో తలా ఒక మాట చెబుతారు. ఒకరు తాళంచెవులు తెమ్మంటారు, ఒకరు ఉల్లిగడ్డ తెమ్మంటారు, ఇంకొకరు నీళ్లు తాగించమంటారు. ఈ గందరగోళానికి కారణం టీచర్ల భయం కాదు, ముందే రాసిపెట్టుకున్న కాగితం లేకపోవడం. బడిలో వచ్చే ఆపదల్లో చాలా వాటిని ముందే ఊహించవచ్చు. ఫిట్స్ ఉన్న బిడ్డకే మళ్లీ ఫిట్స్ వస్తాయి, ఆయాసం ఉన్న బిడ్డకే ఆయాసం వస్తుంది. కాబట్టి అసలు పని ఆపద రోజున కాదు, బడి తెరిచిన మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది.

ఎవరికి ఏముందో కనుక్కోవడం

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. జబ్బు సంగతి తెలిస్తే బడిలో చేర్చుకోరని, తోటి పిల్లలు వెలివేస్తారని, ఆడపిల్లయితే రేపు పెళ్లి కాదని తల్లిదండ్రులు దాచిపెడతారు. అడ్మిషన్ ఫారంలో ‘జబ్బులు ఏమైనా ఉన్నాయా’ అనే గడి పెడితే ‘లేవు’ అనే రాస్తారు. పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ అడిగినా అంతే.

తల్లినో, అవ్వనో పక్కకు కూర్చోబెట్టి, జబ్బు పేరుతో కాకుండా జరిగిన సంగతులతో అడగాలి. ‘అమ్మా, పిల్లోడు ఎప్పుడన్నా ఉన్నట్టుండి పడిపోయినాడా? జ్వరం లేకుండా ఫిట్స్ వచ్చినాయా? రోజూ ఏమన్నా మాత్ర వేస్తున్నారా? రాత్రిపూట పిల్లికూతలు వస్తాయా? చెనిక్కాయలు గానీ గుడ్డు గానీ తింటే దద్దుర్లు లేసినాయా? ఎప్పుడన్నా పెద్దాసుపత్రిలో పండబెట్టినారా?’ ఈ ఆరు ప్రశ్నలకు పది నిమిషాలు చాలు. చెప్పిన సంగతి టీచర్లను దాటి బయటికి పోదని మొదటే మాట ఇవ్వాలి, దాన్ని నిలబెట్టుకోవాలి. ఒక్కసారి స్టాఫ్ రూంలో నుంచి ఊళ్లోకి పొక్కితే మరుసటి ఏడాది ఏ తల్లీ నోరు విప్పదు.

రెండో దారి రికార్డులు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి వైద్య బృందాలు సర్కారు బడులకు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తున్నాయి. గుండెలో రంధ్రం, చూపు, వినికిడి, రక్తహీనత వంటివి అక్కడ బయటపడతాయి. వాళ్లు పెద్దాసుపత్రికి రాసిచ్చిన చీటీలు చాలాసార్లు పుస్తకాల సంచిలోనే చిరిగిపోతాయి. అందుకని రెఫర్ చేసిన పిల్లల పేర్లు ఒక పేజీలో రాసుకుని, నెల తర్వాత పోయారా లేదా అని ఇంటికి ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత ఒక టీచర్‌కు అప్పగించాలి.

మూడో దారి కళ్లు. పాఠం మధ్యలో పదిహేను, ఇరవై సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్లీ ఏమీ ఎరగనట్టు రాసుకునే పిల్లను ‘ధ్యాస లేదు’ అని కోప్పడతాం. అది ఫిట్స్‌లో ఒక రకం కావచ్చు. మాటిమాటికీ నీళ్లు తాగి, మాటిమాటికీ ఒంటేలుకు పోతూ, రెండు మూడు వారాల్లో చిక్కిపోయిన బిడ్డకు షుగర్ ఉండొచ్చు. ఈ రెండోదాన్ని గమనిస్తే ఆ రోజే ఇంటికి చెప్పి, షుగర్ పరీక్ష చేయించమనాలి. పిల్లల్లో వచ్చే షుగర్ రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక్క పేజీ కార్డు

జబ్బు ఉన్న ప్రతి బిడ్డకూ ఒకే ఒక్క పేజీ. రెండో పేజీకి పోతే ఆపదలో ఎవరూ చదవరు. పైన ఫొటో, పేరు, తరగతి, బరువు, తూచిన తేదీ. కింద జబ్బు పేరు, రోజూ వాడే మందులు, ఏం జరిగితే జబ్బు రేగుతుంది, మొదట కనిపించే గుర్తులు. ఆ తర్వాత పెద్ద అక్షరాలతో మూడు సంగతులు: వెంటనే ఏం చేయాలి, ఎప్పుడు 108కి చేయాలి, ఏం చేయకూడదు. అట్టడుగున మూడు ఫోన్ నంబర్లు, ఒకదాని తర్వాత ఒకటి ఏ వరసలో చేయాలో అంకెలు వేసి. అమ్మానాన్నలు కూలికి పోయే ఇళ్లలో మొదటి నంబర్ చాలాసార్లు ఎత్తరు. మూడో నంబర్ ఊళ్లోనే ఉండే మేనమామదో పక్కింటివాళ్లదో అయితే మేలు. చూసే డాక్టర్, ఆసుపత్రి ఓపీ నంబర్, ఆరోగ్య కార్డు నంబర్ కూడా రాయాలి. తల్లిదండ్రుల సంతకం, డాక్టర్ సంతకం తప్పనిసరి.

బరువు ఎందుకంటే, పిల్లల మందు మోతాదు బరువును బట్టే. జూన్‌లో 22 కిలోలున్న బిడ్డ సంక్రాంతికి 25 కావచ్చు. ఏడాదికి రెండుసార్లు తూచి, తేడా వస్తే డాక్టర్‌తో మోతాదు తిరగరాయించాలి.

కాపీలు మూడు: హెచ్ఎం టేబుల్ సొరుగులో ఒకటి, క్లాస్ టీచర్ హాజరు పట్టీలో ఒకటి, పీఈటీ సార్ దగ్గర ఒకటి. ఆటస్థలంలో పడిపోయే పిల్లలే ఎక్కువ కాబట్టి మూడోది మరిచిపోవద్దు. గోడకు మాత్రం అంటించకూడదు.

మందులు దాచడం, ఇవ్వడం

బడిలో మందు ఇవ్వాలంటే రెండు కాగితాలు ఉండాలి: డాక్టర్ రాసిన చీటీ నకలు, తల్లిదండ్రుల అనుమతి. మందు అసలు స్ట్రిప్పులోనో సీసాలోనో, పేరు కనిపించేలా రావాలి. పొట్లం కట్టి పంపిన విడి మాత్రలు తీసుకోవద్దు. ఇచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో తేదీ, సమయం, మందు పేరు, ఎంత, ఎవరిచ్చారు అనేవి రాసి సంతకం చేయాలి. జ్వరం వచ్చింది కదా అని టీచర్ తన బ్యాగులోని మాత్ర ఇవ్వడం మంచి మనసుతో చేసే తప్పు. ముఖ్యంగా ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు.

ఇన్‌హేలర్, షుగర్ బిడ్డ గ్లూకోజు, ఫిట్స్‌కు ముక్కులో కొట్టే స్ప్రే, ఈ మూడూ బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. హెచ్ఎం మీటింగుకు మండలానికి పోతే తాళంచెవి ఆయన జేబులోనే పోతుంది. పిల్లల చేతికందని, పెద్దల చేతికందే చోట, తరగతికి దగ్గర్లో ఉండాలి. కాస్త పెద్ద పిల్లలైతే ఇన్‌హేలర్ వాళ్ల జేబులోనే ఉండటం ఇంకా మంచిది.

ఇన్సులిన్‌కు మన ఎండ పెద్ద శత్రువు. తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల్లో ఫ్రిజ్‌లో ఉంచాలి. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు అయితే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. ఏప్రిల్‌లో అనంతపురం, కర్నూలు తరగతి గదులు 30 డిగ్రీల లోపు ఎక్కడుంటాయి? ఫ్రిజ్ లేని బడికి కుండే దారి. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, ఇసుకను పొద్దున, మధ్యాహ్నం తడపాలి. ఇన్సులిన్‌ను గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. మన పొడి వేడిలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఐస్ ముక్కల మీద, డీప్ ఫ్రిజ్‌లో పెడితే మాత్రం ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోతుంది. పైకి బాగానే కనిపించినా గడ్డకట్టినదాన్ని మళ్లీ వాడకూడదు.

వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రల గురించి ఒక మాట. చిన్న తరగతులకు గులాబి రంగువి, ఆరు నుంచి పైవాళ్లకు నీలం రంగువి. పరగడుపున వేస్తే వాంతులు, కడుపునొప్పి వచ్చి ఆ రోజు బడి మొత్తం గగ్గోలు పెడుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాతే ఇవ్వాలి. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెబితే ఇళ్లలో భయపడరు. కానీ థలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు ఉండి, రక్తం ఎక్కించుకుంటున్న బిడ్డకు ఆ మాత్ర ఇవ్వకూడదు. వాళ్ల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువైపోయి ఉంటుంది. కార్డులో ఎర్ర సిరాతో రాయాల్సిన సంగతి అది.

ఫిట్స్ వచ్చినప్పుడు

మొట్టమొదట గడియారం చూడాలి. ఆ తర్వాతే మిగతా పని. బిడ్డను ఉన్నచోటే నేల మీద పండనిచ్చి, చుట్టూ ఉన్న బెంచీలు జరపాలి. తల కింద మడిచిన చున్నీయో సంచో పెట్టి, టై, కాలర్ గుండీ వదులు చేయాలి. ఒక పక్కకు తిప్పి పండబెడితే నోట్లో నురగ, ఎంగిలి బయటికి పోతాయి, నాలుక వెనక్కి పడదు. కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవద్దు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు, నీళ్లు ఏవీ పెట్టొద్దు. పళ్లు విరగడం, మందో నీళ్లో ఊపిరితిత్తుల్లోకి పోవడం ఇక్కడే జరుగుతాయి. చేతిలో తాళంచెవులు పెడితే ఫిట్స్ తగ్గవు. రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే తగ్గే ఫిట్స్‌ను చూసి తాళంచెవుల మహిమ అనుకుంటున్నాం, అంతే.

ఐదు నిమిషాలు దాటితే, తెలివి రాకముందే రెండోసారి వస్తే, తలకు దెబ్బ తగిలితే, ఇంతకుముందెప్పుడూ రాని బిడ్డకు వస్తే 108కి చేయాలి. డాక్టర్ మిడజోలం ముక్కు స్ప్రే రాసిచ్చి ఉంటే, ఎన్ని నిమిషాలకు, ఒక్కో ముక్కులో ఎన్నిసార్లు అని కార్డులో ఉన్నట్టే ఇవ్వాలి. తగ్గాక బిడ్డ మత్తుగా నిద్రపోతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా తిండి, నీళ్లు పెట్టొద్దు, ఒంటరిగా ఇంటికి పంపొద్దు.

ఎక్కువగా ఎప్పుడు వస్తాయో కూడా తెలుసుకోవాలి. మాత్ర ఒక్క పూట తప్పినా, జాతరకో పెళ్లికో పోయి రాత్రంతా నిద్ర లేకపోయినా వస్తాయి. పండుగ సెలవుల తర్వాత మొదటి రోజు ప్రార్థనలో ఆ బిడ్డను ఎండలో నిలబెట్టకుండా నీడన కూర్చోబెట్టడం చిన్న జాగ్రత్త, కానీ పనికొచ్చేది.

షుగర్ బిడ్డ

ఇన్సులిన్ తీసుకునే బిడ్డకు బడిలో వచ్చే ఆపద ఎక్కువగా షుగర్ పడిపోవడమే. చెమటలు, చేతులు వణకడం, ఆకలి, ఉన్నట్టుండి కోపం లేదా ఏడుపు, మాట తడబడటం, మత్తు దాని గుర్తులు. మీటర్ ఉంటే చూడాలి, 70 కంటే తక్కువుంటే వెంటనే చక్కెర ఇవ్వాలి. మీటర్ లేకపోతే చూడాలని ఆగకుండా ఇచ్చేయాలి. అర గ్లాసు నీళ్లలో మూడు టీ చెంచాల చక్కెర, ఒకటి రెండు తరగతుల పిల్లలకు రెండు చెంచాలు. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసి, పెరగకపోతే ఇంకోసారి. పెరిగాక బిస్కెట్లో అన్నమో పెట్టాలి. ‘షుగర్ బిడ్డ కదా, చక్కెర పెట్టకూడదు’ అని ఆగిపోవడం ప్రాణాంతకం.

చేతిలో ఉందని చిక్కీ ఇవ్వడం రెండో పొరపాటు. వేరుశనగలోని నూనె చక్కెరను రక్తంలోకి త్వరగా ఎక్కనివ్వదు. చాక్లెట్ కూడా అంతే. చక్కెరో, గ్లూకోజు పొడో, తియ్యని రసమో కావాలి. ప్రతి తరగతి టేబుల్ సొరుగులో చిన్న సీసాడు చక్కెర ఉంచడం దీనికి సరిపోతుంది. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా, పక్కకు తిప్పి 108కి చేయాలి. షుగర్ పడిందని తెలిసిన బిడ్డను మరుగుదొడ్డికైనా, ఆఫీసు గదికైనా ఒక్కదాన్నే పంపొద్దు.

రోజువారీ సంగతులు మూడున్నాయి. మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకున్న బిడ్డకు అన్నం ఆలస్యం కాకూడదు. వంట ఆలస్యమైన రోజు ముందు ఆ కంచమే నిండాలి. ఇంజెక్షన్ వేసుకోవడానికి శుభ్రమైన గది మూల ఇవ్వాలి, మరుగుదొడ్డి కాదు. వాడిన సూదులు మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి ఏఎన్ఎంకు అప్పగించాలి. ఇక పరీక్షల మాట. షుగర్ పిల్లలు బోర్డు పరీక్షల హాలులోకి మీటర్, చక్కెర మాత్రలు, పండ్లు తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ స్పష్టంగా అనుమతించింది. ఏ బోర్డు పరీక్షకైనా హెచ్ఎం ద్వారా ముందుగానే రాతపూర్వకంగా అనుమతి అడిగిపెట్టుకోవాలి. పరీక్ష రోజు గేటు దగ్గర వాదించే పని పెట్టుకోకూడదు.

వాంతులు, కడుపునొప్పి, ఊపిరి లోతుగా, వేగంగా తీయడం కనిపిస్తే అది షుగర్ బాగా పెరిగిపోయిన గుర్తు. అది బడిలో తేలే సంగతి కాదు, ఆసుపత్రే.

ఆయాసం, అలర్జీ

వేరుశనగ కట్టె నూర్పిడి రోజుల్లో, ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల దగ్గర, కడప బండలు కోసే చోట ఉన్న బడుల్లో ఆయాసం ఎక్కువగా కనిపిస్తుంది. సుద్దముక్క దుమ్ము కూడా రేపుతుంది కాబట్టి ఆ బిడ్డను బోర్డుకు దూరంగా కూర్చోబెట్టాలి. ఆయాసం వస్తే పండబెట్టవద్దు, ముందుకు కాస్త వంగేలా కూర్చోబెట్టాలి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌కు (మందును పట్టి ఉంచి పీల్చుకోనిచ్చే ప్లాస్టిక్ గొట్టం) తగిలించి ఒక పఫ్, నాలుగు శ్వాసలు. ఇలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే ఇంకో నాలుగు. అప్పటికీ తగ్గకపోతే, మాట పూర్తిగా పలకలేకపోతే, పెదాలు నీలమైతే 108. బండి వచ్చేదాకా ఆ నాలుగు నాలుగు ఆపకూడదు. స్పేసర్ లేకపోతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, టేపు చుడితే అదే స్పేసర్. ఆపద రోజు చేసేది కాదు, ముందే చేసి పెట్టుకోవాలి.

మన మధ్యాహ్న భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ ఉన్నాయి. చెనిక్కాయల అలర్జీ మన దగ్గర అరుదే అయినా, ఉన్న బిడ్డకు ఒక్క ముక్క చాలు. వంటమ్మకు ఆ బిడ్డ ముఖం తెలిసి ఉండాలి, బదులుగా ఏం పెట్టాలో ముందే అనుకోవాలి. తిన్న కొద్దిసేపటికే ఒంటినిండా దద్దుర్లు, పెదాలు వాయడం, గొంతు బొంగురుపోవడం, వాంతులు, కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే కాళ్లు ఎత్తుగా పెట్టి పండబెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి. నడిపించకూడదు. దీనికి మందు తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే. తనంతట వేసుకునే పెన్నులు మన దగ్గర సులువుగా దొరకవు కాబట్టి, అడ్రినలిన్ ఉన్న దగ్గరి పీహెచ్‌సీ ఏదో జూన్‌లోనే కనుక్కుని కార్డులో రాయాలి.

పాము, తేలు, ఎండ

పాము కరిస్తే బిడ్డను కదలనివ్వకుండా, కరిచిన కాలికో చేతికో పొడవాటి స్కేలు కట్టి, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి పంపాలి. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏవీ వద్దు. పామును పట్టుకోవడానికి పరిగెత్తొద్దు. హాస్టళ్లకు ఇంకో హెచ్చరిక. కట్లపాము రాత్రిపూట నేల మీద పండుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. గాటు కనిపించదు, నొప్పి ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అన్న బిడ్డ కనురెప్పలు వాలిపోతుంటే అజీర్తి అనుకుని సోడా తాగించకుండా ఆసుపత్రికి ఎత్తుకుపోవాలి. తేలు కుడితే చల్లని చెమటలు, వాంతులు, గుండె దడ కనిపించిన బిడ్డను కూడా వెంటనే చూపించాలి. కుక్క కరిస్తే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు పంపాలి.

ఎండకు సొమ్మసిల్లిన బిడ్డను నీడకు చేర్చి కాళ్లు ఎత్తిపెడితే తేరుకుంటుంది. కానీ ఒళ్లు కాలిపోతూ, మాట పొంతన లేకుండా ఉంటే అది వడదెబ్బ. బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసురుతూ 108కి చేయాలి. ఒంటిపూట బడుల రోజుల్లో పరగడుపున వచ్చే పిల్లలు ఎందరో ప్రార్థనకు ముందే అడగాలి.

108కి ఫోన్ చేసేటప్పుడు

మన పల్లెల పేర్లు ఒకేలా ఉంటాయి. బడి పేరు, ఊరు, మండలం, ఏ రోడ్డులో వచ్చి ఎక్కడ తిరగాలి, గుర్తుగా ఏ గుడి, ఏ ట్యాంకు ఉందో రాసిన చీటీ ఆఫీసు ఫోను పక్కన ఉండాలి. ఒకరు ఫోన్ చేస్తే, ఒకరు బిడ్డ దగ్గర, ఒకరు మెయిన్ రోడ్డు మీద బండి కోసం, ఇంకొకరు మిగతా పిల్లల్ని పక్క గదికి. నలుగురు టీచర్లు లేని బడిలో ఆయా, వంటమ్మ, ఆశా కార్యకర్త పేర్లు ముందే ఈ పనులకు రాసుకోవాలి. బిడ్డతో పాటు కార్డు, మందులు కూడా బండి ఎక్కాలి. మూడు నెలలకోసారి పది నిమిషాలు ఉత్తుత్తిగా చేసి చూస్తే తాళంచెవి ఎక్కడుందో, ఏ నంబర్ పనిచేయట్లేదో బయటపడుతుంది.

ఆ సాయంత్రమే సమయాలతో సహా జరిగింది రాసిపెట్టాలి. చూసి భయపడిన తరగతి పిల్లలకు మరుసటి రోజు చెప్పాలి: ఫిట్స్ అంటుకునేవి కావు, నురగ తాకితే రావు, మళ్లీ వస్తే సార్‌ను పిలవడమే మీ పని అని. లేకపోతే ఆ బిడ్డ పక్కన ఎవరూ కూర్చోరు.

బడికి రాలేని రోజులు

కీళ్లవాతంతో గుండె కవాటం దెబ్బతిన్న పిల్లలు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు పోవాలి. థలసీమియా పిల్లలు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి కర్నూలు పెద్దాసుపత్రికో, అనంతపురానికో, కడప రిమ్స్‌కో పోయి వస్తారు. ఆ రోజుల్ని హాజరులో విడిగా గుర్తించి, ఆ పాఠాలు తోటి విద్యార్థి నోట్సు ద్వారా ఇంటికి చేర్చాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. థలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బులు కూడా అందులో ఉన్నాయన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలో బడే చెప్పాలి. బడికి రాలేనంత జబ్బు ఉన్నవాళ్లకు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్ల ద్వారా ఇంటి దగ్గర చదువు అడగవచ్చు.

చివరిగా వలస. పంటలు అయిపోయాక కోసిగి, ఆదోని వైపు నుంచి గుంటూరు మిరప చేలకు, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరుకు కుటుంబాలు కదులుతాయి. బిడ్డ మాత్రలు ఆగిపోయేది అప్పుడే. వాళ్లు బయలుదేరే ముందు రోజు కార్డు నకలు, డాక్టర్ చీటీ నకలు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తల్లి చేతికివ్వాలి. రెండు నెలల మందులు తీసుకున్నారా అని అడగాలి. బిడ్డను అవ్వ దగ్గరే వదిలిపోతే, మాత్ర ఎప్పుడు వేయాలో అవ్వకు చదివి వినిపించి, కార్డులో మొదటి ఫోన్ నంబర్‌ను ఆ రోజే మార్చాలి.